హిమపాతం అంటే ఏ మంచు?

సంపాదకులకు నమస్కారం.

గత ఏడాది ఉగాది సెలవులకు మా అమ్మాయితో కలిసి మనాలి వెళ్లాను. బయల్దేరే ముందురోజు అది ఫోన్లో వార్త చూసి గంతులేసింది. "నాన్నా, హిమపాతం హెచ్చరికట! మనం వెళ్లేసరికి మంచు కురుస్తుంది" అంది. నేనూ సంతోషించాను. ఆ హెచ్చరిక కురిసే మంచు గురించి కాదని, కొండవాలు మీద పేరుకున్న మంచు విరిగి కిందికి దూకడం గురించని అక్కడికి వెళ్లాక గానీ మాకు తెలియలేదు. మన పత్రికలు రెండింటికీ ఒకటే మాట వాడుతున్నాయి. ఈ ఉత్తరం అందుకే.

మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే మంచుకొండ మీదికి నడక అన్నారు. ఇరవై మందికి టీలు, టిఫిన్లు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎండ చక్కగా కాస్తోంది, ఇంతకన్నా మంచిరోజు దొరకదనుకున్నాం. వసంతంలో అసలు ప్రమాదం ఆ ఎండలోనే ఉంది. రాత్రి చలికి గడ్డకట్టిన మంచు పొద్దెక్కేకొద్దీ కరుగుతుంది. ఆ నీరు లోపలికి దిగి పొరల మధ్య పట్టు వదులు చేస్తుంది. నేను మిర్చి యార్డులో గుమాస్తాని. అడుగున టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చెమ్మగిల్లితే, పైన ఎంత బాగా పేర్చినా వరసలన్నీ జారిపోతాయి. ఇదీ అంతే. మరీ నిటారు కొండ కూడా అక్కర్లేదు, 30 నుంచి 45 డిగ్రీల వాలు, మన మేడమెట్లంత ఏటవాలు చాలు.

పదకొండున్నరకు కాలు మోకాలిదాకా దిగబడసాగింది. పక్క వాలు మీద నిమ్మకాయంత మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయి, కిందికి వచ్చేసరికి కొబ్బరికాయంత అవుతున్నాయి. మా అమ్మాయి వాటిని వీడియో తీస్తోంది. ఆ ఊరి గైడు, అరవై దాటిన మనిషి, వాటిని చూసి ఆగిపోయాడు. ఇక ఆ వాలు దాటేది లేదన్నాడు. నిర్వాహకుడు వాదించాడు, డబ్బు కట్టామని మావాళ్లూ సణిగారు. ఆయన కదల్లేదు. వెనక్కి వచ్చేశాం.

మర్నాడు చీకటితోనే, మంచు గట్టిగా ఉండగానే, ఆయన మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి చూపించాడు. మేం దాటాల్సిన చోట మట్టీ, విరిగిన దేవదారు కొమ్మలూ కలిసిపోయిన మంచు గుట్ట ఉంది. చేతికర్రతో పొడిచాను. మొన దిగలేదు. అంత మెత్తగా జారివచ్చిన మంచు ఆగాక సిమెంటులా బిగిసిపోయింది. పూర్తిగా కూరుకుపోయినవాళ్లను పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఊపిరాడక పోయేవాళ్లే ఎక్కువ. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా సిగ్నల్ ఇచ్చే బీకన్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. మా ఇరవై మందిలో ఒక్కరి దగ్గరా పార లేదు. మా అమ్మాయిని దేంతో తవ్వి తీసేవాణ్ణి?

ఇది కొండలెక్కే సాహసికుల గొడవే అనుకోకండి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో చైనా సరిహద్దు కనుమ నాథులాకు వెళ్లే దారిలో మంచు చరియలు పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అది కార్లు తిరిగే రోడ్డు. పదమూడో మైలు దాకానే అనుమతి ఉంటే పదిహేనో మైలు దాకా వెళ్లారని అధికారులు చెప్పారు.

చండీగఢ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. మార్చి నుంచి మే దాకా వాటిని మీ వాతావరణ వార్తల పక్కన రెండు లైన్లలో వేయండి. కురిసేదాన్నే హిమపాతం అనండి, విరిగిపడేదాన్ని మంచు చరియలనే రాయండి.

మా వీధి పిల్లలు నలుగురు ఇలాంటి నడకకే ఈ నెలాఖరుకు విజయవాడలో రైలెక్కుతున్నారు. ఎన్నింటికి నడక మొదలు, మధ్యాహ్నానికల్లా కిందికి దిగుతారా, పారలు ఎన్ని ఉన్నాయని డబ్బు కట్టకముందే అడగమని వాళ్ల నాన్నలకు చెప్పాను. ఈ ఉత్తరం ఆలోపు వేస్తే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
మిర్చి యార్డు గుమాస్తా,
బ్రాడీపేట, గుంటూరు