శనివారం రాత్రి మీ నెట్ ఎందుకు పోయిందంటే

మొన్న శనివారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. తిరుపతి కొర్లగుంటలో మీకు నెట్ పంచే స్విచ్ (మీ అందరి లైన్లూ వచ్చి కలిసే పెట్టె) ఉన్న మా గదిలో యూపీఎస్ కూడా కాసేపటికే చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక పాత కనెక్షన్లన్నీ లేచాయి. తిరుచానూరు రోడ్డు వైపు ఈ రెండు నెలల్లో ఇచ్చిన 38 కనెక్షన్లకు మాత్రం అర్ధరాత్రి దాకా నెట్ లేదు. లైను తెగిందని మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు మీకు ఫోన్లో చెప్పారు. లైను తెగలేదు. వాళ్లకు అప్పటికి అసలు సంగతి తెలియదు.

స్విచ్‌లో ఏ సెట్టింగ్ మార్చినా వెంటనే పనిచేస్తుంది. కానీ అది ఉండేది ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో, కరెంటు పోతే అదీ పోతుంది. దాన్ని రన్నింగ్ కాన్ఫిగ్ అంటారు. స్విచ్ మళ్లీ ఆన్ అయినప్పుడు చదువుకునేది స్టార్టప్ కాన్ఫిగ్ అనే వేరే ఫైలు. పని అయ్యాక సేవ్ కమాండ్ ఒక్కటి కొడితేనే మార్పులు ఆ ఫైలులోకి చేరతాయి. స్విచ్ అమ్మిన డీలర్ పంపిన టెక్నీషియన్ మీ వీల్యాన్‌లన్నీ (ఒకరి నెట్‌వర్క్‌లోకి ఇంకొకరు రాకుండా విడదీసే సెట్టింగులు) పెట్టాడు, నెట్ వస్తోందని చూపించాడు, డబ్బు తీసుకుని వెళ్లాడు. ఆ ఒక్క కమాండ్ కొట్టలేదు. రెండు నెలలు స్విచ్ ఆగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఫోన్ చేస్తే డీలర్ "సేవ్ చేసుకోవడం మీ పని కదా" అన్నాడు. పని పూర్తయిందని బిల్లు రాసిన మనిషి అనాల్సిన మాటేనా అది? రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ రోజు పక్కన కూర్చున్నది నేనే, సేవ్ చేశావా అని అడగనిదీ నేనే. అది ఒప్పుకుంటాను.

ఆ రాత్రి నన్ను నలిపేసింది ఇంకొకటి. అన్ని పోర్టులనూ, అంటే స్విచ్‌లో మీ లైన్లు తగిలించే చోట్లన్నిటినీ, ఒకే వీల్యాన్‌లో పడేస్తే పది నిమిషాల్లో అందరికీ నెట్ వచ్చేది. మా తమ్ముడు అదే చేయమన్నాడు. లాడ్జి నడిపే ఒకాయన, "గదులు నిండి ఉన్నాయి, ముందు నెట్ ఇవ్వు, మిగతాది రేపు చూసుకో" అని అరిచాడు. కానీ అలా చేస్తే ఒక లాడ్జి బిల్లింగ్ కంప్యూటర్ పక్క లాడ్జి గదుల్లో ఉన్నవాళ్ల నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తుంది. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చి ఏ గదిలో దిగారో నాకేం తెలుసు? కుదరదన్నాను. డైరీ ముందు పెట్టుకుని ఒక్కో పోర్టు సెట్టింగూ మళ్లీ కొట్టుకుంటూ వచ్చాను. మళ్లీ అలాంటి రాత్రి వచ్చినా అదే చేస్తాను. మీకు కోపం వచ్చినా సరే.

ఇకమీదట మార్పు చేసిన ప్రతిసారీ సేవ్ చేసి, రెండు కాన్ఫిగ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. తేదీ వేసి ఇంకో కాపీ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంచుతాం. నెలకోసారి తెల్లవారుజామున 3 గంటలకు, ముందే మెసేజ్ పెట్టి, స్విచ్‌ను మేమే ఆపి ఆన్ చేసి చూస్తాం. యూపీఎస్ బ్యాటరీలు మార్చేశాం. ఆ 38 మందికీ ఈ నెల బిల్లులో రెండు రోజులు తగ్గిస్తున్నాం.

లాడ్జి ఆయన ఇంకా నా ఫోన్ ఎత్తడం లేదు. రేపు నేనే వెళ్లి కలుస్తాను.