శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

నమస్కారం.

మన ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి, పేరు మార్చి ఇచ్చేస్తున్నారు. మళ్లీ అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్! వైవా అయ్యాక దాన్ని తెరిచి చూసే నాథుడు లేడు.

వాళ్లకు నిజమైన పని ఇప్పించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో డయాలసిస్ మీదున్న రోగికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల దాకా మెషీన్ కావాలి. ఏది ఖాళీ, బస్సు అందక రాలేనివారి స్లాట్ ఎవరికివ్వాలి, ఇవి చూపే చిన్న యాప్ చేయమనండి. ముందు నర్సమ్మ పక్కన కూర్చుని ఆవిడ రిజిస్టర్ ఎలా రాస్తారో చూడాలి. సిగ్నల్ పోయినా నమోదు ఆగకూడదు. నలుగురు రాసిన కోడ్‌ను గిట్ అనే టూల్‌లో కలిపేటప్పుడు వచ్చే తలనొప్పి పుస్తకంలో దొరకదు. రోగుల అసలు వివరాలు మాత్రం ఇవ్వొద్దు, ఉత్తుత్తి పేర్లు చాలు.

ఒక్క ఆసుపత్రితో వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టించండి. సగం మార్కులు నర్సమ్మ చేత వేయించండి.

ఇట్లు,
టెక్కలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి