గ్రూపులో పెడితే ఊరికి చెప్పినట్టేనా?

సంపాదకుల వారికి,

గ్రామసభలకు జనం రావడం లేదని మీ జిల్లా పేజీలో ఈ మధ్య ఒక వార్త వచ్చింది. పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారని, ఊరి సంగతి ఎవరికీ పట్టడం లేదని రాశారు. పక్కన ఖాళీ కుర్చీల ఫోటో వేశారు. విలేకరి మీద నాకు కోపం లేదు, ఆయన చూసింది ఆయన రాశాడు. కాకపోతే జనం ఎందుకు రాలేదో నాకు కొంత తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో వీఆర్‌ఏగా, అంటే గ్రామ రెవెన్యూ సహాయకుడిగా పనిచేసి, వయసు మీదపడి మానుకున్నవాణ్ణి. నాకంటే ముందు మా నాయన సుంకరి పని, అంటే ఊరి సేవకుడి పని చేశాడు. ఊరికి ఏ కబురున్నా చాటింపు వేసేది మేమే.

చాటింపు అనగానే ఇప్పటి పిల్లలకు "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు" అన్న సినిమా మాటే గుర్తొస్తుంది. అసలు పని ఆ మాట అయిపోయినాకే మొదలవుతుంది. వానాకాలంలో డప్పు మెత్తబడి మోగదు, నాలుగు గడ్డిపరకలు అంటించి కాపుకోవాలి. బొడ్రాయి కాడ ఒకసారి, బోరింగు కాడ ఒకసారి, మసీదు సందులో, తర్వాత మా వాడలో, చివరికి చెరువుకట్ట దిగి తండాలో. తండాకు పొద్దున పోతే లాభం లేదు, పత్తి ఏరబోయినవాళ్లు దీపాల వేళకు గానీ ఇంటికి చేరరు. చెవుడున్న ముసలమ్మ ఉంటే ఆమె వాకిట్లోకే పోయి గట్టిగా చెప్పాలి. విని ఊరుకుంటారా? "ఏం కాయితాలు తేవాలె? ఎవరు సార్లు వస్తున్నరు? పోయినసారి రాసుకపోయిన పేర్లు ఏమైనయి?" అని నిలబెట్టి అడుగుతారు. తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియనిది మండలాఫీసులో కనుక్కుని వచ్చి మళ్లీ చెప్పేవాణ్ణి. అబద్ధమని తేలితే మరునాడు పొద్దున్నే మా ఇంటి ముందుకొచ్చి కూర్చుంటారు.

ఆ రోజులే బాగుండెనని నేను అనడం లేదు. మా నాయనకు జీతం లేదు, కల్లాల్లో కొలిచి పెట్టిన గింజలే. పటేల్ పిలిస్తే తింటున్న కంచం వదిలేసి పోవాల్సిందే. డప్పు మా కులం మెడలోనే ఎందుకుండాలని మా పిల్లలు అడిగారు, చాటింపుకు డప్పు ముట్టేది లేదన్నారు. మంచి పనే చేశారు. ఇటు 2020లో వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థను రద్దు చేశారు, 2023లో వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దారు. కబురు చెప్పే పని ఇకమీదట ఎవరిదన్నది మాత్రం మా ఊళ్లో ఎవరూ తేల్చలేదు. ఎవరికీ అప్పజెప్పకపోయేసరికి అది వాట్సాప్‌లోకి పోయింది.

మా ఊరి గ్రూపు గురించి చెబుతాను. అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టడానికి లేదు. అడ్మిన్లందరూ ఒకే పార్టీవాళ్లు. అవతలి పార్టీవాళ్లు అలిగి బయటికొచ్చి ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున పూల బొమ్మలతో శుభోదయాలు, ఆ తర్వాత నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, సాగర్ రోడ్డు మీద ప్లాట్ల ప్రకటనలు, చనిపోయినవాళ్ల ఫోటోకు వరసబెట్టి దండాలు. వీటన్నిటి మధ్య ఎక్కడో పంచాయతీ నోటీసు ఉంటుంది. అదీ అడ్డంగా తీసిన ఫోటో, మెడ తిప్పి చదువుకోవాలి.

2025 జనవరిలో రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు కదా. రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డులు, భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఈ నాలుగింటికీ లబ్ధిదారుల పేర్లు సభలో చదివి వినిపించాలి. పేరు రానివాళ్లు అక్కడే అడగాలి. 21 నుంచి 24 దాకా సభలని టీవీల్లో రోజంతా చెప్పారు. ఆ నాలుగు రోజుల్లో మా ఊరి సభ ఏ రోజో ఏ టీవీ చెబుతుంది? ఆ సంగతి మా గ్రూపులో ముందురోజు రాత్రి అందరూ పడుకునే వేళకు పెట్టారు.

మా వాడలో ఒకామెకు భర్త లేడు, గుంట భూమి లేదు, ఉపాధి పనికి పోతుంది. ఆమె చేతిలో డబ్బా ఫోన్. కొడుకు ఎల్‌బీ నగర్‌లో ఆటో నడుపుతాడు, వాడి దగ్గర పెద్ద ఫోన్ ఉంది, గ్రూపులోనూ ఉన్నాడు. అంటే ఊళ్లో సభ ఉందని హైదరాబాద్‌లో ఉన్నవాడికి తెలిసింది, సభ జరిగే బడి ముందే ఇల్లున్న తల్లికి తెలియలేదు. వాడు రాత్రి ఫోన్ చేస్తే ఆమె నిద్రపోయింది. పొద్దున చేసేసరికి కూలికి పోయింది. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి టెంట్ విప్పుతున్నారు. "గ్రూపుల పెట్టినం గదమ్మా" అన్నారట. ఆ మాటకు ఆమె ఏం జవాబు చెబుతుంది? తర్వాత మండలాఫీసులో దరఖాస్తు ఇవ్వడానికి ఒక రోజు కూలి పోయింది, బస్సు ఖర్చు అదనం.

పంచాయతీ కార్యదర్శిని తిట్టాలని కాదు. ఆ పిల్లగాడు పొద్దున లేస్తే హాజరుకు ఒక ఫోటో, చెత్త బండికి ఒక ఫోటో, నర్సరీకి ఒక ఫోటో తీసి పైకి పంపుకుంటూ ఉంటాడు. గ్రామసభ గురించి చెప్పారా అని పైనుంచి అడిగితే గ్రూపు స్క్రీన్‌షాట్ పంపుతాడు. అడిగినవాళ్లకు అది చాలు. నోటీసు ఊళ్లో ఎంతమందికి అందిందని అడిగేవాడు లేడు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటోంది. సభ పెట్టినట్టు, ముందుగా చెప్పినట్టు అన్నీ ఫోన్‌లోనే కనపడుతుంటే కాగితం మీద లోటేమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. ఎక్కడివో, ఎప్పటివో తెలియదు. మా దగ్గర తండాల్లో మగవాళ్లు కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. ఏటా వచ్చే గంగిరెద్దులవాళ్లు ఆ ఏడు ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. మన ఉమ్మడి జిల్లాలోనే, బీబీనగర్ మండలంలో ఒకతన్ని దొంగ అనుకుని కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికో పోలీసును పంపి, డప్పులతో, పాటలతో ఆ వీడియోలు నిజం కావని చెప్పించారు. ఆమె తర్వాత మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఎస్పీగా చేశారు. ఆ ఏడు జూలైలో వాట్సాప్ కంపెనీ కూడా మన దేశంలో వచ్చిన ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి ప్రకటించింది.

మా మండలంలో కూడా మమ్మల్ని చాటింపు వేయమన్నారు. తండాలో డప్పు కొట్టి, పుకార్లు నమ్మొద్దని చెప్పాను. ఒక పెద్దమనిషి లేచి, "ఇది నువ్వు చెప్తున్నవా, పోలీసోళ్లు చెప్పమన్నరా?" అని అడిగాడు. ఎస్ఐ గారు చెప్పమన్నారని చెప్పి, కావాలంటే మాట్లాడమని స్టేషన్ నంబరు ఇచ్చాను. అక్కడే ఒక కుర్రాడు స్పీకర్ పెట్టి ఫోన్ కలిపాడు, ఎస్ఐ గారు అందరికీ వినపడేటట్టు చెప్పారు. ఆ రాత్రి కూడా కర్రలు పట్టుకునే పడుకున్నారనుకోండి, భయం ఒక్క పూటలో పోతుందా? కానీ అడగడానికి వాళ్లకు ఒక మనిషి దొరికాడు. ఆ వీడియో పంపింది ఎవరని వెతుకుతూ పోతే బావమరిది పంపాడంటారు, వాడికి దోస్తు పంపాడంటారు, ఆ దోస్తుకు ఏదో గ్రూపులో వచ్చిందంటారు.

వాట్సాప్ వద్దని నేను అనడం లేదు. మా మనవరాలి హాల్ టికెట్ అందులోనే వచ్చింది, నేనే సంతోషపడ్డాను. నేను వద్దనేది ఒక్కటే, గ్రూపులో పెట్టడాన్ని ఊరికి తెలియజేసినట్టు లెక్క రాసుకోవద్దు. డప్పే కావాలని కూడా లేదు. ప్రతి పంచాయతీకి ట్రాక్టర్ ఇచ్చారు, మా ఊళ్లో దానికి మైకు కూడా కట్టారు, చెత్త కోసం రోజూ వాడవాడ తిరుగుతుంది. డీజిల్ బిల్లులు ఎప్పుడొస్తాయన్నది వేరే కథ. సభకు రెండు రోజుల ముందు నుంచే ఆ మైకులో పాటలు ఆపి, తారీఖు, వేళ, తేవాల్సిన కాగితాలు చెప్పాలి. తండాలో సాయంత్రం పూట, లంబాడీలో చెప్పించాలి. మైకు పట్టుకున్నవాడికి, వాడు ఏ కులమైనా సరే, ఆ రోజు కూలి పంచాయతీయే ఇవ్వాలి. కబురు ఎవరు చెప్పమన్నారో, అనుమానముంటే ఎవరికి ఫోన్ చేయాలో నంబరుతో సహా మైకులోనే చెప్పాలి.

ఇట్లు,
ఒక మాజీ వీఆర్‌ఏ,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా