ఫ్లౌండర్ సీజన్ వస్తోంది, పురుగుల ధర గురించి ఉన్నదున్నట్టు

అందరికీ నమస్తే. మార్చి దగ్గర పడిందంటే చాలు, ఇక్కడ న్యూజెర్సీలో నా ఎరల షాపుకి ఎడిసన్ నుంచి, ఇసెలిన్ నుంచి మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి, అన్నా బ్లడ్‌వర్మ్స్ (గాలానికి ఎరగా గుచ్చే సముద్రపు పురుగులు) వచ్చాయా, ఫ్లౌండర్ (సముద్రం అడుగున బురదలో పడుకునే బల్లపరుపు చేప) పడుతోందా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఇక్కడే రాసేస్తున్నా. ఈసారి పురుగుల ధర పెంచాను, సరుకు కూడా తక్కువే తెప్పిస్తున్నా, ఎందుకో మీకు తెలియాలి కదా.

ఈ బ్లడ్‌వర్మ్స్ మనకి ఉత్తరాన ఉన్న మెయిన్ (Maine) రాష్ట్రం నుంచి వస్తాయి. అక్కడ ఆటు వేళ సముద్రం వెనక్కి పోయాక బయటపడే బురదలో మనుషులు నడుం వంచి, పొట్టి పిడి ఉన్న గొర్రుతో బురద తిరగేసి ఒక్కొక్కటీ చేత్తో ఏరతారు. చలికాలం చివర్లో ఆ బురద మీద మంచు గడ్డ కట్టి ఉంటే ఇక తవ్వడానికే ఉండదు, సరిగ్గా అదే టైమ్‌కి మన ఫ్లౌండర్ సీజన్ మొదలవుతుంది, అందుకే మార్చిలో ధర మండిపోతుంది. డజను మీద నేను వేసుకునే లాభం పోయినేడాది ఎంతో ఇప్పుడూ అంతే, పెరిగింది నాకు పడుతున్న రేటు. వచ్చిన డబ్బాలో నలిగినవీ చచ్చినవీ నేనే తీసి పారేస్తాను, అవి మీ లెక్కలో వెయ్యను.

ఇంకో మాట, కాస్త కష్టంగానే ఉంది రాయడానికి. న్యూజెర్సీలో ఈ ఫ్లౌండర్, అంటే వింటర్ ఫ్లౌండర్, మనిషికి రోజుకి 2 మాత్రమే, ఒక్కోటి కనీసం 12 అంగుళాలు ఉండాలి, సీజన్ మార్చి 1 నుంచి. 2009లో అట్లాంటిక్ తీర రాష్ట్రాల మత్స్య కమిషన్ మన వైపంతా 2కి దించింది, అయినా చేప కోలుకోలేదు. ఇది చలికాలంలోనే ఉప్పుటేర్లలోకి వచ్చి గుడ్లు పెట్టే చేప, గుడ్లు అడుగున అతుక్కుని ఉంటాయి, నీళ్లు చల్లగా ఉన్నన్నాళ్లూ వాటిని తినే చిన్న రొయ్యలు మందకొడిగా ఉంటాయి. చలికాలాలు వెచ్చబడే కొద్దీ అవి ముందే చురుగ్గా తయారై గుడ్లనీ పిల్లల్నీ తినేస్తున్నాయి, దానికి తోడు పాత రోజుల్లో పట్టాల్సిన దానికంటే ఎక్కువ పట్టేశారు. ఇక్కడి పెద్దాళ్లు మా కౌంటర్ దగ్గర నిలబడి బకెట్లు నింపుకెళ్లిన రోజుల గురించి చెప్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. కాబట్టి ఎవరైనా వస్తే రోజంతా పడుతూనే ఉంటాయని నేను చెప్పను, ఒక్కటి పడ్డా మంచి రోజే అనుకుని రండి.

అందుకే ఖరీదైన రాడ్డులు చూపించి అమ్మబుద్ధి కావట్లేదు. ఇంట్లో ఉన్న తేలికపాటి స్పిన్నింగ్ రాడ్డు చాలు. డబ్బు పెట్టాల్సింది గాలం మీద, ఎర మీద. ఫ్లౌండర్ నోరు చాలా చిన్నది, పెద్ద గాలం వేస్తే ఎర కొరుక్కుని పోతుంది తప్ప మింగదు. 8 నుంచి 10 నంబర్ చెస్టర్‌టౌన్ గాలాలు తీసుకోండి, కాడ పొడుగ్గా ఉంటుంది కాబట్టి చిన్న చేప పడితే నోరు చిరక్కుండా తీసి వదిలెయ్యొచ్చు. రెండు గాలాలు పక్కపక్కన వేలాడే స్ప్రెడర్ రిగ్ కట్టి పెట్టాను, గాలం పైన పసుపు పూస గుచ్చి ఉంటుంది. సీసం మాత్రం నీటి వడిని బట్టి, ఒకటి రెండు ఔన్సులు, అడుగుకి ఆనితే చాలు.

పురుగు మొత్తం గుచ్చకండి, అంగుళం ముక్క చాలు, చివర కొంచెం వేలాడనివ్వండి. తల వైపు పట్టుకునేటప్పుడు జాగ్రత్త, లోపలి నుంచి తొండం లాంటిది ఠపీమని బయటికొస్తుంది, దాని చివర నాలుగు నల్లటి కోరలుంటాయి, వేలు దొరికితే కందిరీగ కుట్టినట్టే ఉంటుంది. డబ్బాలో వచ్చిన సముద్రపు నాచుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి, పంపు నీళ్లు మాత్రం తగలనివ్వద్దు, చచ్చిపోతాయి. బ్లడ్‌వర్మ్స్ ధర ఎక్కువనిపిస్తే శాండ్‌వర్మ్స్ అనే ఇంకో రకం పురుగులు ఉన్నాయి, క్లామ్ (ఒక రకం ఆల్చిప్ప) ముక్కలు ఉన్నాయి, బర్క్‌లీ గల్ప్ శాండ్‌వర్మ్ అనే కృత్రిమ ఎర కూడా పనిచేస్తుంది, కానీ నీళ్లు బాగా చల్లగా ఉన్నప్పుడు అసలు పురుగుకి సాటి రాదని నా అభిప్రాయం.

అసలు చాలామంది వదిలేసేది చమ్, అంటే చేపల్ని దగ్గరికి రప్పించడానికి నీళ్లలో వేసే మేత. ఎర కంటే అది ముఖ్యం అంటాను నేను. చమ్ పాట్ అంటే చిన్న వల బుట్ట, అందులో నలగ్గొట్టిన మసెల్స్ (ఇంకో రకం ఆల్చిప్పలు), క్లామ్ పొట్టలు, డబ్బా మొక్కజొన్న గింజలు నింపి అడుక్కి దించి అప్పుడప్పుడూ తాడు కుదపాలి, వాసన నీళ్లతో పాటు పోయి బురదలో పడుకున్న చేపని లేపి తీసుకొస్తుంది. బోటులో వెళ్తే ముందొకటి వెనకొకటి రెండు లంగర్లు వెయ్యండి, లేకపోతే బోటు ఊగుతూ ఉంటుంది, చమ్ ఒకచోట, మీ గాలం ఇంకోచోట. షార్క్ రివర్‌లో గానీ మనాస్క్వాన్ నదిలో గానీ మధ్యాహ్నం ఎండ పడి లోతు తక్కువ బురద కాస్త వెచ్చబడ్డాక ఆటు మొదలయ్యే వేళ చూసుకోండి. తెల్లారి 5కి లేచి రావాల్సిన పన్లేదు ఈ చేపకి.

కొత్తవాళ్లకి ఒక జాగ్రత్త. ఫ్లూక్ అనేది వేరే చేప, దాని సీజన్ వేరు, పొరపాటున పెట్టెలో వేసుకుంటే జరిమానా. కళ్లున్న వైపు పైకి, పొట్ట మీ వైపు పెట్టి చూడండి, తల కుడి చేతి వైపు ఉండి నోరు బుల్లిగా ఉంటే వింటర్ ఫ్లౌండర్, ఎడమ వైపు ఉండి పెద్ద నోరు, పళ్లు ఉంటే ఫ్లూక్, వదిలెయ్యండి. ఉప్పునీటిలో చేపలు పట్టేవాళ్లు చేసుకోవాల్సిన రాష్ట్రం వాళ్ల సాల్ట్‌వాటర్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, చేసుకుని రండి, ఈ ఏడాది రూల్స్ కూడా వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి.

పురుగులు అడిగినవాళ్ల లెక్క ప్రకారమే తెప్పిస్తాను, మిగిలిపోతే చచ్చిపోతాయి, అది నాకు నచ్చదు. శని ఆదివారాలకి కావాలంటే గురువారం మధ్యాహ్నంలోపు మెసేజ్ పెట్టండి, ఎన్ని డజన్లో, ఏ రోజు వస్తారో రాయండి. చమ్ కోసం క్లామ్ పొట్టలు ఫ్రీజర్లో సిద్ధంగా ఉన్నాయి, వాటికి ముందు చెప్పక్కర్లేదు.