నాలుగు లైన్ల ఫైనల్

సంపాదకులకు నమస్కారం.

గత నెల 30న మీ ఆటల పేజీ అడుగున, పెళ్లి ప్రకటన సైజులో, ఇటలీ క్లబ్బులు ఏసీ మిలాన్, యువెంటస్ తలపడిన యూరప్ చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ కప్పు పోటీ గురించి 'గోల్స్ లేని నీరస ఫైనల్' అని ఒక వార్త వేశారు. నాలుగు లైన్లు. దాని నెత్తిన మూడు కాలమ్‌ల మేర ఒక క్రికెటర్ తన కొత్త కారుకు ఆనుకుని నిలబడిన ఫొటో. కారు బాగుంది, కాదనను. కానీ ఆ నాలుగు లైన్లలోనే రెండు తప్పులు, ఒక అన్యాయం దొర్లాయి. పోనీలే అని వారం రోజులు ఊరుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

ముందు తప్పుల సంగతి. 'ఒకే ఊరి దాయాదుల సమరం' అన్నారు. ఏసీ మిలాన్‌ది మిలాన్ నగరం, యువెంటస్‌ది టురిన్. రెండు ఊళ్ల మధ్య మన హైదరాబాద్ నుంచి వరంగల్ ఉన్నంత దూరం. ఒకే ఊరి దాయాదులు తలపడింది సెమీఫైనల్లో, మిలాన్ - ఇంటర్ మధ్య. నిజానికి రాయాల్సిన ముచ్చట అదే. ఆ ఇద్దరిదీ ఒకే మైదానం, సాన్ సిరో. రెండు మ్యాచ్‌లూ అక్కడే జరిగాయి. మొదటిది 0-0, రెండోది 1-1. అయితే కాగితాల మీద రెండో మ్యాచ్‌కు ఇంటర్ ఆతిథేయి కాబట్టి, అందులో మిలాన్ ఆటగాడు షెవ్‌చెంకో కొట్టింది 'పరాయి గడ్డ మీది గోల్' అయింది, స్కోరు సమమైతే అలాంటి గోల్‌కు ఎక్కువ విలువన్న నిబంధనతో మిలాన్ ఫైనల్ చేరింది. తన ఇంట్లో తానే చుట్టం! మన రెవెన్యూ ఆఫీసుల్లో తప్ప ఇలాంటి లెక్క నేనెక్కడా వినలేదు.

రెండో తప్పు, 'పూర్తి బలంతో దిగిన యువెంటస్' అనడం. ఈ ఏడాదంతా ఆ జట్టును భుజాల మీద మోసిన నెద్వెద్ ఆ రాత్రి ఆడనే లేదు. మే 14న టురిన్‌లో జరిగిన సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 3-1తో ఓడించినప్పుడు మూడో గోల్ అతనిదే. ఆ మ్యాచ్ చివర్లోనే, అవసరం లేని చోట ఒక ఫౌల్ చేసి పసుపు కార్డు తెచ్చుకున్నాడు. దాంతో ఫైనల్‌కు నిషేధం పడింది. తన జట్టు గెలిచిన రాత్రి మైదానంలోనే కన్నీళ్లు పెట్టుకున్నాడు పాపం. అతను లేని యువెంటస్ 'పూర్తి బలం' అయితే, ఉప్పు లేని పప్పు విందు భోజనమే.

ఇక అన్యాయం. 'నీరసం' అని రాసిన మీ ప్రతినిధి ఆ రాత్రి మేలుకుని ఉన్నారా అని నా అనుమానం. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మే 28 సాయంత్రం అంటే మనకు అర్ధరాత్రి దాటిన పావుగంట. ముగిసేసరికి మూడు కావచ్చింది. ఈ ఎండలకు ఎలాగూ నిద్ర లేదు కనుక మొత్తం చూశాను. మొత్తం అంటే, రెండో సగం మొదలవుతూనే కరెంటు పోయిన ఇరవై నిమిషాలు మినహా. కోంటే తలతో కొట్టిన బంతి మిలాన్ గోల్ అడ్డకమ్మీకి తగలడం అందుకే రీప్లేలో చూసుకోవాల్సి వచ్చింది. ఎనిమిదో నిమిషంలోనే షెవ్‌చెంకో బంతిని వలలోకి పంపాడు. సహచరుడు రుయ్ కోస్టా ఆఫ్‌సైడ్‌లో నిలబడి యువెంటస్ గోల్‌కీపర్ బుఫాన్ చూపుకు అడ్డం వచ్చాడని ఆ గోల్‌ను కొట్టేశారు. ఇంజాగీ ముందుకు దూకి తలతో కొట్టిన బంతిని బుఫాన్ ఎలా ఆపాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అదనపు సమయంలో మిలాన్ డిఫెండర్ రోకె జూనియర్ గాయపడ్డాడు. మార్చుకోదగిన ముగ్గురినీ అప్పటికే మార్చేశారు. కుంటుతూనే నిలబడ్డాడు.

గోల్ పడకపోతే ఆటే జరగనట్లా? కబడ్డీలో కూతకు వచ్చినవాడు ఉత్త చేతులతో వెనక్కు పోతే, నిలువరించిన జట్టుకు చప్పట్లు కొడతాం కదా. మిలాన్ డిఫెండర్లు నెస్టా, మాల్దీని జంట రెండు గంటల పాటు యువెంటస్ ఆటగాళ్లు ట్రెజెగే, డెల్ పియెరోలకు గోల్ ముందు కాలు మోపే చోటు ఇవ్వలేదు. వాళ్ల పక్కనే ఆడిన కోస్టాకుర్తాకు 37 ఏళ్లు. ఆ వయసులో మన క్రీడా సంఘాల వారికి కుర్చీలోంచి లేవడానికే ఒక మనిషి సాయం కావాలి.

ఆక్షేపించాల్సిందేమైనా ఉంటే అది గెలుపు తేల్చిన పెనాల్టీల తంతు. పది తన్నుల్లో ఐదింటిని ఆపారు. మిలాన్ గోల్‌కీపర్ దీదా మూడు, బుఫాన్ రెండు. వినడానికి ఘనంగానే ఉంది. బంతిని తన్నేదాకా గోల్‌కీపర్ గీత మీదే ఉండాలన్నది నిబంధన. ఈ ఇద్దరూ బంతి కదలకముందే గీత దాటి వచ్చేస్తుంటే ఒక్కసారైనా మళ్లీ తన్నించలేదు. రెఫరీ మార్కుస్ మెర్క్ వృత్తిరీత్యా పళ్ల డాక్టరట. ఆ రాత్రి అక్కడ కావలసింది కళ్ల డాక్టరు. పిల్లలకు ముప్పై ఏళ్లు నిబంధనలు నూరిపోసినవాణ్ణి. రేపు మా వీధి కుర్రాడు గీత దాటి వచ్చి "టీవీలో వాళ్లు రాలేదా మాస్టారూ?" అంటే నేనేం చెప్పాలి? మీ వార్తలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఆఖరి తన్నుకు ముందు షెవ్‌చెంకో రెఫరీ వైపు, బుఫాన్ వైపు మార్చి మార్చి చూశాడే, ఆ చూపు గురించీ లేదు. ఆ తన్నుతో మిలాన్ 3-2తో గెలిచింది. ఈ కప్పు 48 ఏళ్ల చరిత్రలో రెండు ఇటలీ క్లబ్బులు ఫైనల్ ఆడటం ఇదే మొదలన్న సంగతీ లేదు. వరసగా రెండేళ్లు లీగ్‌లో రెండో స్థానంతో ఆగిపోయాడని 2001లో యువెంటస్ వదిలించుకున్న ఆంచెలొట్టి, ఇప్పుడు మిలాన్ కోచ్‌గా వాళ్ల చేతిలోంచే కప్పు లాక్కుపోయాడు. అదీ లేదు. అన్నిటికంటే బాధ కలిగించింది వేరే. కప్పు ఎత్తిన కెప్టెన్ పావొలో మాల్దీని. 1963లో ఇదే ఇంగ్లండులో, వెంబ్లీలో, బెన్ఫికాను 2-1తో ఓడించి మిలాన్‌కు మొదటిసారి ఈ కప్పు అందుకున్న కెప్టెన్ అతని తండ్రి చెజారె మాల్దీని. తండ్రి ఎత్తిన కప్పు నలభై ఏళ్లకు కొడుకు చేతికి వచ్చింది. దీనికి ఒక్క లైను చోటు దొరకలేదా? కారు టైర్లు కాస్త కత్తిరిస్తే సరిపోయేది.

మన పాఠకులకు ఫుట్‌బాల్ పట్టదని మీరంటారు, తెలుసు. రోవర్స్ ఫుట్‌బాల్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఏ దేశానిది? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరి బడిపంతులే. ఆ జట్లలో ఆడిన బలరాం మా సికింద్రాబాద్ వాడే. అక్టోబరులో ఇక్కడ ఆఫ్రో-ఆసియా క్రీడలట. తోరణాలకు, దండలకు కొదవ ఉండదు. నేను పనిచేసిన బడి మైదానంలో మాత్రం సగం దుకాణాలైంది. మిగతా సగంలో పెళ్లి షామియానాలు వేస్తారు. గోల్ స్తంభాలు సీరియల్ బల్బులు కట్టుకోవడానికి పనికొస్తున్నాయి. ఆ సంగతి పోయిన ఏడాది మీకు రెండు పేజీలు రాస్తే రెండు లైన్లకు కుదించి వేశారు. ఈ ఉత్తరానికీ ఆ యోగమే పడుతుందని తెలిసే రాస్తున్నాను.

చెజారె కప్పు ఎత్తిన 1963 వేసవిలోనే రహీం సాబ్ పోయారు. ఈ జూన్ 11కు సరిగ్గా నలభై ఏళ్లు. ఆ రోజు మీ ఆటల పేజీ కోసం పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటాను. నాలుగు లైన్లే వేయండి, కానీ తప్పులు లేకుండా వేయండి.

ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సికింద్రాబాద్, 6-6-2003