ఊపిరి ఉండగానే చెప్పుకున్న మాట

సంపాదకుడు గారికి,
నమస్కారం.

ఫ్రెంచ్ గాయని ఫ్రాన్స్వాజ్ హార్డీ అంటే చాలామందికి గుర్తొచ్చేది 1968లో డిజైనర్ పాకో రబాన్ తయారుచేసిన బంగారు రేకుల గౌనులో ఆమె దిగిన ఫొటోలే. నాకు మాత్రం ఆమె 2023 డిసెంబర్‌లో బాధ భరించలేని రోగికి ప్రాణం విడిచే హక్కు ఇవ్వమంటూ ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌కి రాసిన బహిరంగ లేఖ గుర్తొస్తుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

ఆమె 1944లో పారిస్‌లో పుట్టారు. తండ్రి ఇంట్లో ఉన్నది తక్కువ, తల్లే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. స్కూలు చదువు ముగిసినందుకు తండ్రి కొనిచ్చిన గిటార్‌తో పాటలు కట్టడం మొదలుపెట్టి, 1962లో, పద్దెనిమిదేళ్లకే దేశమంతా పాడుకునే పాట ఇచ్చారు. ఈడువాళ్లంతా జంటలుగా తిరుగుతుంటే తాను ఒంటరిగా నడుస్తున్నానని చెప్పుకునే పాట అది, రాసిందీ ఆమే. మరుసటి ఏడాది మొనాకో తరఫున యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో ఐదో స్థానం వచ్చింది. మోడలింగ్ చేశారు, 1966లో ఒక అమెరికన్ కారు రేసుల సినిమాలో కనిపించారు. కానీ మనసంతా పాట మీదే. వేదికంటే భయం కావడంతో 1968 తర్వాత కచేరీలు మానేసి, రికార్డింగులకే పరిమితమయ్యారు. గొంతు పెంచకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతారు. భాష రాకపోయినా నేను వింటూ ఉండిపోయేది అందుకే.

2004లో ఆమెకు లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. 2018లో గొంతు లోపల ఇంకొకటి. రేడియేషన్‌తో లాలాజలం ఎండిపోయింది, పాట ఆగిపోయింది, ముద్ద మింగడమే గండమైంది. అప్పటి నుంచి ఆమె పదేపదే అడిగింది ఒక్కటే: బాధ భరించలేనప్పుడు ఈ లోకం నుంచి సెలవు తీసుకునే హక్కు. అలాంటి హక్కు ఇచ్చే బిల్లు మీద ఫ్రాన్స్ పార్లమెంటులో చర్చ నడుస్తుండగా 2024 జూన్ 9న మాక్రాన్ సభను రద్దు చేశారు. చర్చ ఆగిపోయింది. జూన్ 11న ఆమె కన్నుమూశారు.

అదే 2004లో మన హైదరాబాద్‌లో పాతికేళ్ల చెస్ ఆటగాడు వెంకటేశ్ కండరాల క్షీణతతో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. అవయవాలు పాడవకముందే తనను చావనిచ్చి, వాటిని దానం చేయనివ్వండని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే అతను పోయాడు.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడానికి మన దేశంలో ఇప్పటికీ అనుమతి లేదు. దాని గురించి నేను అడగడం లేదు. ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే కాగితం మీద రాసుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. 2023లో పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. ఆ కాగితాన్ని భద్రపరచడానికి మున్సిపాలిటీలో, పంచాయతీలో ఒక అధికారి ఉండాలంది.

ఇది నాకు తెలిసేసరికి మా అమ్మ లేదు. "గొట్టాలు పెట్టించకే తల్లీ" అని వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఎన్నోసార్లు అంది. చివరికి పదకొండు రోజులు ఐసీయూలో ఉంచాం. గొట్టం లాగేసుకుంటుందని రెండు చేతులూ గాజుగుడ్డతో మంచానికి కట్టారు. నేను వెళ్లినప్పుడల్లా ఆ చేతి వేళ్లు కదిలించేది. వద్దని గట్టిగా చెప్పే ధైర్యం మాకు లేదు, చూపించడానికి కాగితం లేదు. ఆ మధ్య నా కాగితం ఎవరికి ఇవ్వాలో కనుక్కుందామని మున్సిపల్ ఆఫీసుకు వెళితే, అలాంటిది ఉందనే అక్కడ ఎవరూ వినలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరేది ఇదే. ఆ కాగితాన్ని భద్రపరిచే అధికారి ఎవరో ప్రతి మున్సిపల్, పంచాయతీ ఆఫీసు బోర్డు మీద రాయించండి. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం పెద్ద ఊళ్లకే పరిమితం కాకుండా చూడండి. మీ పత్రికను కోరేది, లివింగ్ విల్ నమూనాను తేలిక తెలుగులో ఒక్కసారి ప్రచురించమని. నా కాగితం మీద సాక్షి సంతకాలకు పక్కింటివాళ్లు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

— ఒక పాఠకురాలు