హార్మోనియం అటక దిగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. కోనసీమలోనూ, అటు పాలకొల్లు, భీమవరం వైపూ సంగీతమూ చిత్రలేఖనమూ నేర్పే మేం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. నలభై అయిదు దాటినవాళ్లు మా దగ్గరకొస్తే ముందు అడిగేది "ఈ వయసులో వస్తుందంటారా?" అని. ఆ వెంటనే వాళ్లే "ఇప్పుడు ఊపిరి సలపడం లేదండీ, రిటైరయ్యాక మొదలెడదాం లెండి" అనేస్తారు. వస్తుందా అంటే వస్తుంది, అందులో అనుమానం లేదు. రిటైరయ్యాక అన్న మాట దగ్గరే మాకు అభ్యంతరం.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణ 62కి. వరి రైతుకీ, రొయ్యల చెరువు చేసేవారికీ, కొట్టు నడిపేవారికీ, ఇల్లు నడిపే ఇల్లాలికీ ఆ రోజంటూ ఒకటి ఉండనే ఉండదు. ఇక శరీరం ఎవరి కోసమూ ఆగదు. నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. యాభైల్లో బొటనవేలి మొదలు, మోకాలు మొండికేస్తాయి. కొత్త కదలికను చెయ్యి పట్టుకోవడానికి పట్టే కాలం ఏటేటా కాస్త కాస్త పెరుగుతుంది. నలభై అయిదులో వేళ్లకి అలవాటైన, సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసలు అరవై అయిదులోనూ వేళ్లలోనే ఉంటాయి. అదే అరవై అయిదులో ఓనమాల నుంచి మొదలుపెడితే కళ్లూ, నడుమూ, వేళ్లూ, కొత్త విద్యా నాలుగూ ఒక్కసారే ఎదురు తిరుగుతాయి. అప్పుడూ నేర్చుకోవచ్చు, నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఇప్పుడే మొదలుపెట్టగలిగినవాళ్లు అప్పటిదాకా ఎందుకు ఆగాలి?

రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి అయిదు రోజులు చాలు. ఆదివారం ఒక్కపూటే రెండు గంటలు కూర్చుంటామంటే మేం వద్దంటాం. ఇవాళ చేసిన సాధన రాత్రి నిద్రలో చేతికి పడుతుంది. వారం ఎడమైతే పోయినసారిది గుర్తు తెచ్చుకోవడానికే సగం సమయం పోతుంది. పైగా రెండు గంటలు ఏకబిగిన కూర్చుంటే సోమవారం మెడ పట్టేసి వారమంతా మానేస్తారు. ఎలాగూ ఆదివారాల్లో సగం పెళ్లిళ్లూ గృహప్రవేశాలే తినేస్తాయి.

ఈ ఇరవై నిమిషాలు ఎవరి పనిలో వారికి ఒక్కోచోట దొరుకుతాయి. రొయ్యలకి మేత వేసి, ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే తీసి చూసేదాకా గంటన్నర, రెండు గంటలు ఎడం ఉంటుంది. చెరువు గట్టు మీది షెడ్డులో ఆ సమయం ఫోను చూడటానికే పోతోంది. అక్కడ బొమ్మ గీసుకోండి, పాట మాత్రం వద్దు. ముఖ్యంగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని శ్రుతి వింటూ సాధన చేయవద్దు. కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే ముందు తెలిసేది చెవికే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్ని వేళల కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ పూట అసలే ఏమరకూడదు. కొట్లవారికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బేరం పలచగా ఉంటుంది. వరి రైతుకి నాట్లలో, కోతల్లో ఏదీ కుదరదు, ఆ రోజుల్లో కుదరలేదని బాధపడనూ అక్కర్లేదు. దాళ్వా కోతలై కాలువలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేదాకా ఉన్న వేసవి రోజులు కొత్తగా మొదలుపెట్టడానికి మంచివి. ఎండ ముదరకముందే పొద్దున్న కూర్చోవాలి. సంక్రాంతి నెలలో ఎలాగూ సాధన ఆగుతుంది. ప్రభలు కట్టడంలో, ముగ్గుల్లో చెయ్యి పెట్టినవారికి అదీ కళే, దాన్ని సెలవుగా లెక్కవేయవద్దు. మళ్లీ కూర్చున్న మొదటి వారం పదేసి నిమిషాలతో సరిపెట్టుకోవాలి. ఆగిన చోటు నుంచే, అంతే సేపు చేద్దామని కూర్చుని విసిగిపోయి వదిలేసేవారు చాలామంది.

ఇల్లాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్ల సమయం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఆ ముక్కని కూడా ఎవరో ఒకరు పిలిచి చెడగొడతారు. మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు దాకా అమ్మని పిలవకూడదని ఇంట్లో అందరికీ చెప్పాలి, చెప్పాల్సింది ఇంటాయన. ఆ అరగంటలో టీ కావలసినవారు వాళ్లే పెట్టుకుంటారు. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మేం చెప్పే మిగతా చిట్కాలేవీ ఆమెకి ఉపయోగపడవు.

తీరిక లేదనేవారి ఇళ్లలో ముందు చూడాల్సింది సామాను ఎక్కడుందో. హార్మోనియం అటక మీద, రంగులు బీరువా వెనకాల, కాగితాలు ఇంకో గదిలో ఉంటే దింపి తుడిచి సర్దుకోవడానికే పావుగంట. ఇరవై నిమిషాల్లో పావుగంట పోతే మిగిలేది ఏముంది? కూర్చున్న నిమిషంలోపు మొదలుపెట్టగలిగేలా సామాను ఉండాలి. హార్మోనియం మీద పలచని నూలు గుడ్డ కప్పి హాల్లోనే ఉంచండి. పుస్తకం నేర్చుకుంటున్న పేజీ దగ్గరే తెరిచి ఉండాలి.

కింద కూర్చోలేనివారు హార్మోనియాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుంటున్నారు. భుజాల నొప్పి అక్కడే మొదలవుతుంది. బల్ల ఎత్తు 30 అంగుళాలు, వేళ్లతో నొక్కే మెట్లు దానికి ఇంకో 9, 10 అంగుళాల పైన ఉంటాయి. భుజాలు పైకెత్తి వాయించాల్సి వస్తుంది. మామూలు కుర్చీలో కూర్చుని, 18 అంగుళాల టీపాయ్ మీద పెడితే మెట్లు సరిగ్గా మోచేతి ఎత్తుకి వస్తాయి.

మన గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు లేవకుండా పట్టేస్తాయి. నూనె పొయ్యకండి, దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది. పెట్టెలో వంద గ్రాముల సిలికా జెల్ సంచి పెట్టి రెండు నెలలకోసారి మార్చండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి, స్వరం పలికించే ఇత్తడి రీడ్ల మీద పచ్చని చిలుము కడుతుంది. రోజూ వాయించే పెట్టెకి ఈ బెడద తక్కువ. మూలపడేసినదాని తిత్తిని ఎలుకలు కూడా కొడతాయి. రీడు ఉన్నట్టుండి పలకకపోతే చాలాసార్లు కారణం చిన్న దుమ్ము కణం. సన్నని కాగితం ముక్కని రీడులో కదిలే ఇత్తడి నాలుక కిందకి పోనిచ్చి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. సూదితో గీరకూడదు. నాలుక కొస దగ్గర ఇత్తడి అరిగితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర అరిగితే దిగుతుంది. నోటితో ఊదినా తేమ చేరుతుంది.

గొంతు గురించి ఒక హెచ్చరిక. మన జిల్లాల్లో కుర్రతనంలో పద్యనాటకాలు వేసినవారు చాలామంది. వాళ్లు ముప్పయ్యేళ్ల తర్వాత కూడా పాత శ్రుతికే పద్యం ఎత్తుతారు, నాలుగు రోజుల్లో గొంతు బొంగురుపోతుంది. ఆడవారి గొంతు యాభై దాటాక కొంత కిందికి దిగుతుంది. అయిదున్నర శ్రుతికి (అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది) పాడినవారు అయిదుకో, నాలుగున్నరకో దిగడంలో చిన్నతనం ఏమీ లేదు. మంద్ర పంచమం (కింది స్థాయి ప) స్పష్టంగా వినబడాలి, తార మధ్యమం (పై స్థాయి మ) అరవకుండా పలకాలి. ఆ రెండూ కుదిరే శ్రుతే ఇప్పుడు మీది. ఇరవై నిమిషాల్లో మొదటి అయిదూ షడ్జమం (స) మీద నిలబడి మంద్రంలో మెల్లగా తిరగాలి. తర్వాత పది నిమిషాలు ఒకే వరసో, కీర్తనలో ఒకే ఒక్క పంక్తో. మూడో కాలానికి, అంటే మూడో వేగానికి, తొందరపడకండి, రెండు కాలాలు గట్టిపడితే మూడోది తనే వస్తుంది. చివరి అయిదు నిమిషాలు బాగా వచ్చిన పాట ఏదైనా హాయిగా పాడుకోండి. సమయం చాలలేదని చాలామంది కోసేసేది ఈ అయిదు నిమిషాలనే. అవి లేకపోతే రేపు మళ్లీ కూర్చోవాలన్న ఆశ పుట్టదు.

బొమ్మలు వేయాలనుకునేవారికి నీటిరంగులే చెబుతాం. ఒక పూత వేశాక అది ఆరేదాకా ఎలాగూ ఆగాలి, ఆ ఆగే సమయంలో మన పని మనం చేసుకుంటాం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) కాగితం కొనండి. పలచని డ్రాయింగ్ షీటు తడవగానే అలలు తేలి, రంగు గుంటల్లోకి చేరుతుంది. 22×30 అంగుళాల షీటుని ఎనిమిది చేస్తే ఒక్కోటి 7.5×11 అంగుళాలు వస్తుంది, మొదలుపెట్టడానికి అది సరైన కొలత. రంగులు ఆరు చాలు: లెమన్ యెల్లో, యెల్లో ఆకర్, క్రిమ్సన్, అల్ట్రామరైన్, ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. ట్యూబులో దొరికే రెడీమేడ్ ఆకుపచ్చతో మన చేలు వేస్తే ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. లెమన్ యెల్లోలో ప్రష్యన్ బ్లూ చుక్క కలిపితే నారుమడి పచ్చ. దానికే కాస్త బర్న్ట్ సియెన్నా చేరిస్తే కొబ్బరాకు పచ్చ. కుంచెలు 12 నంబరు గుండ్రనిది ఒకటి, 6 నంబరుది ఒకటి.

కాలువగట్టు బొమ్మ ఒకటి అయిదు రోజుల్లో ఇలా పూర్తవుతుంది. మొదటి రోజు కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అట్టకి అంటించి పెన్సిల్ గీతలు. రెండో రోజు అట్ట కింద లావుపాటి పుస్తకం పెట్టి వాలుగా చేసి ఆకాశం, నీళ్లు ఒకే పూత. మూడో రోజు దూరపు కొబ్బరితోటలు, నీలం కలిసిన లేత రంగులో. నాలుగో రోజు దగ్గరి గట్టు, చెట్లు. అయిదో రోజు నీడలు, ముదురు చోట్లు, పడవ. చెడిపోయేది ఎక్కువగా రెండో రోజే. సగం ఆరిన పూతలోకి తడి కుంచె పెడితే నీరు రంగుని తోసుకుంటూ పోయి కాలీఫ్లవర్ లాంటి అంచు కడుతుంది. మెరుపు పోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. చేతి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడే. శ్రావణ భాద్రపదాల్లో ఫ్యాను కిందే ఆరబెట్టాలి. కాగితాలు గోడకి ఆనించి నిల్వ చేస్తే చెమ్మకి బూజు పట్టి కాగితానికి ఉండే జిగురు పూత దెబ్బతింటుంది. అలాంటి చోట రంగు అద్దుడు కాగితం మీద పడ్డట్టు ఇంకిపోయి మచ్చలు తేలుతాయి, తప్పు మీ చేతిదనుకుంటారు. ప్లాస్టిక్ కవరులో వేసి బీరువాలో పరుండబెట్టి ఉంచండి. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు దామెర్ల రామారావు చిత్రశాలకి ఓ గంట కేటాయించండి. 1925లో, ముప్పయ్యేళ్లు నిండకుండానే పోయిన ఆయన బొమ్మల్ని అచ్చులో కాక ఎదురుగా నిలబడి చూస్తే పూత ఎంత పలచగా ఉండొచ్చో తెలుస్తుంది.

చత్వారం అద్దాల గురించి కళ్ల డాక్టరుకి చాలామంది సగమే చెబుతారు. పేపరు చదివే దూరం 14 నుంచి 16 అంగుళాలు. హార్మోనియం మీది పుస్తకం 22, 24 అంగుళాల దూరంలో ఉంటుంది. చదివే అద్దాలతో అది మసకే, అందుకే మెడ ముందుకు సాచి మెడనొప్పి తెచ్చుకుంటారు. కంటి నుంచి పేజీకి టేపుతో కొలిచి ఆ దూరం చెప్పి ఇంకో జత రాయించుకోండి. వెలుతురు కోసం 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం, కుడిచేతివాటం వారికి ఎడమ భుజం మీదుగా పడాలి. రంగులు రాత్రి కలపవద్దు, పసుపు వెలుగులో కలిపిన నీలం పొద్దున్న వేరేగా కనిపిస్తుంది. రాత్రి పెన్సిల్ పని పెట్టుకోండి. కుంచె పట్టుకుంటే బొటనవేలి మొదలు నొప్పెడితే పిడికి గుడ్డపీలిక చుట్టి లావు చేయండి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

నరసాపురం ప్రాంతపు అక్కచెల్లెళ్లకి లేసు అల్లమని మేం చెప్పం. ముక్కకింత అని కూలికి కళ్లు చిల్లులు పడేలా అల్లేవారికి అది బతుకుతెరువు, సాయంత్రం వాళ్లకి కావలసింది ఇంకొకటి. పాటో, రంగో. కొత్తగా సరదాకి నేర్చుకునేవారైతే నంబరు తక్కువ ఉన్న దారం తీసుకోవాలి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, కన్ను లాగుతుంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ ఉచ్చుకి పిన్నీసు తగిలించి లేవండి, అల్లిక జారిపోదు.

చివరిగా గ్రంథాలయ సంస్థలకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. చిన్న ఇళ్లలో, అద్దె గదుల్లో ఉండేవారికి బల్ల పరిచి కూర్చునే చోటే లేదు. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి మూడు రోజులు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఒక గది తెరిచి ఉంచాలి. ఆరుగురు కూర్చునే పొడుగు బల్ల, నాలుగు దీపాలు, ఒక నీళ్ల పంపు ఉంటే బొమ్మలకి సరిపోతుంది. పాటకి వేరే రోజు కేటాయించాలి, చదువుకునే పిల్లలకి ఇబ్బంది కాకూడదు. వీటన్నిటికంటే ముందు కావలసింది తాళం పడే చిన్న అరల బీరువా. కొట్టు కట్టేసో, ఆఫీసు బస్సు దిగో నేరుగా వచ్చే మనిషి రంగులూ కాగితాలూ మోసుకు తిరగలేడు. తెరిచే ఊరు ఏదైనా సరే, మొదటి మూడు నెలలూ వంతులవారీగా వచ్చి రుసుము లేకుండా నేర్పడానికి మేం సిద్ధం.

ఇట్లు,
సంగీత, చిత్రలేఖన ఉపాధ్యాయులు కొందరు,
అమలాపురం